దిండ్ల క్లాసు

మార్చి 3, సోమవారం

కింద హాల్లో దిండ్ల క్లాసు వాళ్ళు మళ్ళీ కబురు పంపారు. మేం పైన దూకుతుంటే వాళ్ళ దీపం ఊగుతోందట. ఊగనీ. యోగా అన్నాక ఒళ్ళు కదలాలి. ఒళ్ళు కదిలితే ఇల్లు కూడా కాస్త కదులుతుంది.

పొద్దుటి బ్యాచ్‌లో కొత్తగా చేరిన పళ్ళ డాక్టరు మధ్యలోనే చాప మీద కూలబడి, "మీరు మనిషేనా మేడమ్?" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటనే నెమరు వేసుకున్నాను. యాభై దాటినదాన్ని ఒక కుర్రడాక్టరు అనాల్సిన మాట అదే. నా క్లాసుకు చెమట బ్యాచ్ అని పేరు. ఆ పేరు నేను పెట్టింది కాదు. వద్దనీ అనలేదు.

తలుపు తీస్తే ఆయన కుర్చీలో ఉన్నారు. రాత్రి పడుకున్నదీ అందులోనే. గుండె ఆపరేషన్ అయి ఇంటికి వచ్చినప్పటి నుంచీ వెల్లకిలా పడుకోలేదు. పడుకుంటే కోసి కుట్టిన రొమ్ము ఎముక విడిపోతుందని భయం. విడిపోదని డాక్టరు చెప్పారు, నేను చెప్పాను, మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ చెప్పింది. వినరు. దగ్గు వస్తే గుండెకు అదుముకోమని ఆసుపత్రిలో ఇచ్చిన చిన్న దిండు ఒళ్ళో పెట్టుకుని తెల్లార్లూ కూర్చుంటారు.

వచ్చే నెల మధ్యలో డిపో డాక్టరు పరీక్ష. పాసైతే మళ్ళీ బస్సు నడుపుతారు. తప్పితే డిపో ఆఫీసులో కిటికీ వెనక కూర్చోబెడతారట. నిద్రలేని మనిషి చేతికి బస్సు ఎవరిస్తారు?

హాలు నిండా జనాన్ని ఒంటికాలి మీద నిలబెట్టేదాన్ని, ఒక్క మొగుణ్ణి పడుకోబెట్టలేనా? రేపటి నుంచి నేనే చేయిస్తాను.

మార్చి 4, మంగళవారం

చేయించాను. చేతుల మీద బరువు వద్దన్నారు కాబట్టి గోడ దగ్గర నిలబెట్టి, నా క్లాసునే సగం వేగంలో నడిపించాను. అంతకన్నా సున్నితంగా ఎవరు చేయించగలరు?

కాసేపటికి ఆయన గోడకు ఆనుకుని, "ఇదీ చెమట బ్యాచే. కాస్త ఆలస్యంగా నడుస్తోంది, అంతే" అన్నారు.

"నెమ్మదిగానే చెప్తున్నాను కదండీ."

"నెమ్మది వేరు, మెత్తన వేరు టీచరమ్మా. నెమ్మదిగా పోతూ కూడా బ్రేకు గట్టిగా తొక్కితే నిలబడ్డవాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడతారు."

బస్సు గురించి ఎవరడిగారు? భుజం దించమన్నాను. దించారు. తిరిగి కుర్చీ ఎక్కారు.

మార్చి 6, గురువారం

వంట బాగుందన్నారు. వేరే మాట లేదు.

నాకు నిద్ర బాగానే పడుతోంది. రాత్రి ఆయన నీళ్ళు తాగింది, కిటికీ తీసింది, చలేసి మళ్ళీ మూసింది, అన్నీ తెలుసు.

మార్చి 9, ఆదివారం

ఆడపడుచు ఫోన్.

"వదినా, అన్నయ్య దిండ్ల క్లాసులో చేరాడట కదా! భలే మంచి పని చేయించావు."

నేను చేయించానట! మొన్న గురువారం సాయంత్రం నడకకని వెళ్ళిన మనిషి కింద హాల్లోకి నడిచారన్నమాట. నా మెట్ల కిందనే, నేను పైన గొంతు చించుకుంటుండగా!

"ఆ, నేనే వెళ్ళమన్నాను" అన్నాను. ఇంకేం అంటాను?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చంతా గెలిచి ఇంట్లో ఓడాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. ఆ దిండ్ల టీచరు ఎలా ఉంటుందో నాకు తెలియదా? పొట్టి మనిషి, ఎప్పుడూ సాక్సుతోనే తిరుగుతుంది, గొంతు పెంచదు. చెమట పట్టని మనిషిని యోగా టీచరంటే నేను ఒప్పుకోను.

ఆయన్ని అడిగితే, "అక్కడ నన్నెవరూ దిద్దరు" అన్నారు. నా ముఖం చూసి, "పడుకోబెడతారంతే" అని కలిపారు.

మార్చి 11, మంగళవారం

కింద హాలు తలుపుకి సగం దాకా అద్దం. నా కాలి పట్టీ జారితే కట్టుకోవడానికి అక్కడ ఆగాను. అది కట్టుకోవడానికి కాసేపు పట్టింది.

బోర్డు మీద మూడు పేర్లు. సోమవారం మెల్లని హఠ, మంగళవారం యిన్ అని చైనా పేరుది, గురువారం విశ్రాంతి. మా ఆయన వెళ్ళేది గురువారానికి. ఇవాళ మంగళవారం వాళ్ళు కూర్చుని ముందుకు వంగి, వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. ఎవరూ కదలరు. తర్వాత వీపు కింద దుప్పటి చుట్ట పెట్టుకుని, చేతులు బార్లా చాపి పడుకున్నారు. అలా పడుకోవడం నాకు రాదా? అందరూ నేల మీదే, అందరూ ఊరికే. ఒకే అన్నానికి మూడు పేర్లు.

ఆలస్యం అమృతం విషం అంటారు. వీళ్ళు ఆలస్యాన్నే సీసాలో పోసి మందంటున్నారు.

మార్చి 13, గురువారం

పట్టీ మళ్ళీ జారింది.

ఆయన్ని చూశాను. దిమ్మల మీద పెద్ద గుండ్రటి దిండు ఏటవాలుగా పెట్టి, దాని మీద వీపు ఆన్చి ఉన్నారు. మోకాళ్ళ కింద దిండు, రెండు మోచేతుల కింద రెండు, తల కింద మడతపెట్టిన దుప్పటి, కళ్ళ మీద గుడ్డ. సామాన్ల మధ్య ఇరుక్కుపోయినట్టున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

దగ్గు దిండు పక్కన నేల మీద ఉంది. చేతిలో లేదు.

అది చూసి సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ దిండు నేల మీద పెట్టించే పని నాది.

ఇంటికి ఒక పెద్ద దిండు మోసుకొచ్చారు. ఆవిడ ఇచ్చి పంపిందట. మంగళవారం వాళ్ళకి చేతుల కింద ఏ దిండూ లేదు, అయినా వాళ్ళకేం కాలేదు. ఈయనకి మాత్రం అన్ని ఎందుకు? దిండ్ల మీద పడుకుంటే ఒంటికి ఏం పనుంటుంది? ఈ మాత్రం దానికి నేను చాలు.

మార్చి 15, శనివారం

ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాం. ఏమీ కాలేదు. ముందు అది రాసుకోవాలి. ఏమీ కాలేదు.

మధ్యాహ్నం నేనే అడిగాను, ఒక్కసారి నా చేత్తో పడుకోండి అని. కాదనలేకపోయారు. గురువారం పెద్ద దిండు బదులు మంగళవారం దుప్పటి చుట్ట వీపు కింద పెట్టాను. చేతులు బార్లా చాపమన్నాను. మోచేతుల కింద ఏమీ పెట్టలేదు.

"లాగుతోందే" అన్నారు.

"లాగాలండీ. లాగితేనే పని చేస్తున్నట్టు. కదలకుండా ఉండండి."

ఉన్నారు. నేను చెప్పానని ఉన్నారు. లేవబోతే రొమ్ము మధ్యలో పట్టేసింది. లేవలేరు, అరవలేరు. చెయ్యి ఊరికే గాలిలో వెతుకుతోంది. దేనికోసమో నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. దగ్గు దిండు నేనే తీసి అలమరలో పెట్టాను.

టాక్సీలో నా చెయ్యి పట్టుకున్నారు. అది భయంతో, ప్రేమతో కాదు.

ఎముక బాగానే ఉందట, కండ పట్టేసిందట. "ఎవరమ్మా ఇలా పడుకోబెట్టింది?" అని డాక్టరు అడిగితే, నేను నోరు తెరిచేలోపు ఆయన, "నేనే డాక్టర్, టీవీలో చూసి" అన్నారు.

మార్చి 16, ఆదివారం

కుర్చీలోనే. గురువారం కూడా వెళ్ళనన్నారు.

మార్చి 18, మంగళవారం

ఆడపడుచు వచ్చి వెళ్ళింది. గుమ్మం దగ్గర మెల్లగా, "వదినా, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని అందరికీ తెలుసు. ఈసారికి నాలుగో కాలు లెక్కపెట్టవే" అంది. చిన్నది నాకన్నా. దాని పెళ్ళిలో జడ వేసింది నేను.

కోపం రాలేదు. అదే వింతగా ఉంది.

మార్చి 19, బుధవారం

దిండు తిరిగి ఇచ్చెయ్యడానికి కిందికి వెళ్ళాను. అందుకే వెళ్ళాను.

దిండ్ల టీచరు ఒక్కతే కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది. దిండు ఆ మూల పెట్టాను. పెట్టాక వచ్చెయ్యాలి. రాలేదు. నిలబడి జరిగిందంతా చెప్పేశాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది, నా దగ్గర జవాబులున్నాయి.

"మంగళవారందీ గురువారందీ కలిపేశారు" అంది. "మంగళవారం కాసేపు లాగనిస్తాం, కీళ్ళ చుట్టూ లోపల పట్టేసినదాని కోసం. గురువారం ఏదన్నా లాగిందంటే తప్పు నాదన్నమాట. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి లెండి."

"చూడ్డమేంటి, నేను టీచర్ని. నాకు తెలియాలి."

"చూస్తే తెలియదండీ. పడుకుంటే తెలుస్తుంది." దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది, మడతకి. "వచ్చే వారం మూడు రోజులూ రండి."

తనిఖీకి వస్తానన్నాను. "అలాగే రండి" అంది. మిగిలిన దుప్పట్లు కూడా నా చేతే మడతపెట్టించింది, తెలివైనదే.

మార్చి 24, సోమవారం

మెల్లని హఠ. ఇది నాకు తెలిసిందే, కాకపోతే ఊపు లేదు. ఊపిరి మొదలైనప్పుడు చెయ్యి మొదలవ్వాలి, ఊపిరి ఆఖరయ్యేసరికి చెయ్యి పైకి చేరాలి. ఊపుతో చేసేటప్పుడు దాటిపోయే చోట్లన్నీ ఇందులో దొరికిపోతాయి. నా తొడ వణికింది. ఆ హాలు నేల ఏటవాలుగా ఉందని నా అనుమానం.

కండలు పని చేస్తాయి, ఒళ్ళు కదులుతుంది, తొందర ఉండదు. కోలుకుని మళ్ళీ లేచి తిరగాలనుకునేవాళ్ళకు ఇది మంచిది. ఆయనకు ఇంకా టైముంది.

మార్చి 25, మంగళవారం

యిన్. అరికాళ్ళు కలిపి, ముందుకు వాలి, కండ వదిలేసి ఉండిపోవడం. అందరికన్నా కిందికి వాలాను. నుదురు నేలకు ఆన్చిందాన్ని నేనొక్కదాన్నే. ఎవరూ చూడలేదు, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు.

దిండ్ల టీచరు వచ్చి నా నుదుటి కింద దిమ్మ పెట్టి నన్ను పైకి లేపింది. "ఆఖరుదాకా వెళ్ళొద్దు. మీ కీళ్ళు ఇప్పటికే వదులు. కొంచెం ముందే ఆగండి, అక్కడే ఉండండి."

ముందే ఆగడమా! నా జన్మలో ఆ మాట ఎవరూ అనలేదు. ఆవిడ అటు తిరగ్గానే దిమ్మ పక్కకి తోశాను.

మార్చి 26, బుధవారం

తుంటి నొప్పి. చెమట బ్యాచ్‌ను కుర్చీలో కూర్చుని నడిపాను. "మేడమ్, మీరు కూడా మనిషేనన్నమాట" అన్నాడు పళ్ళ డాక్టరు. వాడికి మాటలెక్కువ.

కదలకుండా కూర్చున్నంత మాత్రాన అది మెత్తని పని కాదు. నాకే ఇలా ఉంటే, కోసి కుట్టిన మనిషికి ఎలా ఉండి ఉంటుంది?

మార్చి 27, గురువారం

విశ్రాంతి. ఆయన పడుకున్నట్టే ఏటవాలు దిండు, మోకాళ్ళ కింద, మోచేతుల కింద, తల కింద. కళ్ళ మీద గుడ్డ.

పడుకోగానే వంటింటి కుళాయి కట్టేశానా అని అనుమానం వచ్చింది. పక్క చాప మీద ఒకావిడ మోకాలు దిండు మీంచి జారింది, గుడ్డ సందులోంచి కనిపించింది. లేచి సర్దాను. మళ్ళీ పడుకుని, ఇటుపక్క చాప మీద ఎవరో పెద్దమనిషి మెడ వంకర చూసి మళ్ళీ లేచాను. మూడోసారి లేవబోతే దిండ్ల టీచరు నా భుజం మీద చెయ్యి వేసింది.

"టీచర్‌గారూ, ఇవాళ మీరు స్టూడెంటు."

నా మోచేతి కింద ఇంకో మడత పెట్టింది. చెయ్యి కాస్త పైకి వచ్చింది. భుజం దిగింది. భుజం అంత పైకి ఎత్తి పట్టుకున్నానని నాకు అప్పుడే తెలిసింది.

"ఎక్కడన్నా లాగుతోందా?"

"లేదు."

"ఏమనిపిస్తోంది?"

"ఏమీ అనిపించట్లేదు."

"అదే కావాలి" అని వెళ్ళిపోయింది.

కింద అన్నీ పట్టుకుని ఉన్నాయి. నేను పట్టుకోవాల్సింది ఏమీ లేదు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్న పూట నుంచీ నేను చెవులు రిక్కించే ఉన్నాను. ఆయన ఊపిరి పీలిస్తే నేను పీలుస్తున్నాను, ఆగితే నేనూ ఆగుతున్నాను. అక్కడ వినడానికి ఆయన లేరు. నా ఊపిరే వినిపించింది, చిన్నగా, పైపైన.

క్లాసయ్యాక గుడ్డ తడిగా ఉంది. ఉతికి సరిగా ఆరబెట్టరు కాబోలు.

ఇంటికి వచ్చి ఆయనకు చెప్పాను, రెండుసార్లు లేచి పక్కవాళ్ళని సర్దానని, మూడోసారి పట్టుబడ్డానని. ఆయన ముందు నన్ను చూశారు. తర్వాత దగ్గు దిండు చప్పున గుండెకు అదుముకున్నారు. దగ్గు వస్తోందని పరిగెత్తాను. దగ్గు కాదు. నవ్వు. దిండు గట్టిగా పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. "పడుకోవడంలో కూడా ఫెయిలయ్యావా టీచరమ్మా!"

ఎన్నాళ్ళయింది ఆ నవ్వు విని! రోజూ ఫెయిలవుతాను కావలిస్తే.

మార్చి 30, ఆదివారం

ఆయనే అడిగారు. "దిండ్లు పెడతావా?"

పెద్ద దిండు మళ్ళీ తెచ్చుకున్నాను. మిగతావి ఆడపడుచు తన మిషను మీద కుట్టి ఇచ్చింది. మా ఇల్లు పరుపుల కొట్టులా ఉంది. ఏటవాలు సరిచూసి, మోకాళ్ళ కింద ఒకటి, మోచేతుల కింద రెండు పెట్టాను. దగ్గు దిండు ఆయన చేతిలోనే ఉంచాను. దిద్దలేదు. నోటిదాకా వచ్చింది, మింగాను.

"ఎక్కడన్నా లాగుతోందా అండీ?"

"ఎడమ పక్క, కొంచెం."

"అయితే తప్పు నాది." మడత ఇంకొంచెం పెంచాను. "ఇప్పుడు?"

ఆయన ఎడమ మోచెయ్యి దిండు మీద వదిలేశారు. "ఏమీ అనిపించట్లేదే" అన్నారు.

ఇన్నేళ్ళుగా ఎంతమంది నన్ను ఎన్నెన్ని మాటలతో మెచ్చుకున్నారో. వాటన్నిటినీ ఒక పక్క పెట్టి, ఈ మాటను ఇంకో పక్క పెట్టుకుంటాను.

చేతిలోంచి దగ్గు దిండు జారి నేల మీద పడింది. ఆయన తీసుకోలేదు. నిద్రపోయారు, గురకతో సహా.

ఏప్రిల్ 4, శుక్రవారం

మంచం మీదే, అంతా దిండ్లతో. కుర్చీ మీద ఇప్పుడు ఉతికిన బట్టలున్నాయి.

నాకూ నిద్ర బాగానే పడుతోంది. ఆయన రాత్రి ఒక్కసారే అటు తిరిగారు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఒక దిండు తగ్గించాం. ఆయన సోమవారం క్లాసులో కూడా చేరారు, మెల్లని హఠకి. చెయ్యి నెత్తిదాకా లేచింది.

పైన దూకుళ్ళు ఆపించాను. భవనం పాతది, పైకప్పు ఊడితే ఎవరికి జవాబు? వేరే కారణం లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

డిపో డాక్టరు నడిచే మిషను మీద ఆయన్ని నడిపించి, ఏవేవో తీగలు పెట్టి చూశారు. నేను తలుపు బయట. తలుపు పల్చన, నేను వినాలని వినలేదు.

"నిద్ర ఎలా ఉంది?"

"మా ఆవిడ యోగా టీచరండీ. ఆవిడ పడుకోబెడుతుంది."

పాస్!

యోగా టీచరు అన్నారు. మా ఆవిడ అని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. తలుపు తెరుచుకునేసరికి నేను ఎంత నిటారుగా నిలబడ్డానంటే, డాక్టరు నన్ను చూసి, "మీరు ఏ డిపో?" అని అడిగారు.

దిండ్ల టీచరుకు చెప్పాను. సంతోషంతో నా చేతులు పట్టుకుంది. పట్టుకున్న చేతిలో దుప్పటి కొస కూడా ఉంది. మడతపెట్టించింది.

ఏప్రిల్ 21, సోమవారం

మొదటి ట్రిప్పు. చెమట బ్యాచ్‌కు సెలవిచ్చి నేనూ ఎక్కాను. ఆయన వద్దన్నారు, నేను విననని ఆయనకు తెలుసు. దగ్గు దిండు నా సంచిలో పెట్టుకున్నాను. అద్దంలో ఆయనకు కనబడేలా ముందు సీటులో కూర్చున్నాను. ఊపిరి ఎలా తీస్తున్నారో, భుజం ఎత్తుతున్నారో లేదో దారి పొడవునా చూస్తూ ఉండాలి. అందుకే వెళ్ళాను.

బస్సు నిండింది. ఒక పిల్ల కమ్మీ పట్టుకోకుండా, రెండు చేతులా ఫోన్ నొక్కుకుంటూ నిలబడింది. స్టాపు వచ్చింది, బస్సు ఆగింది. ఆ పిల్ల ఊగలేదు. తల కూడా ఎత్తలేదు. తర్వాతి స్టాపులోనూ అంతే. వేగం మామూలు వేగమే. మొదటి రోజే ఆయన చెప్పారు, నెమ్మది వేరు, మెత్తన వేరు అని. నేను అప్పుడు భుజం దించమంటున్నాను.

పక్కసీటు ఆవిడతో, "డ్రైవరు మా ఆయన" అన్నాను. అడక్కుండానే చెప్పాను. ఆవిడ "అలాగా" అంది. ఆ తర్వాతది నాకు గుర్తులేదు.

"టీచరమ్మా, ఆఖరి స్టాపు."

కళ్ళు తెరిస్తే ఆయన ఎదురుగా వంగి నిలబడి ఉన్నారు. బస్సంతా ఖాళీ. దగ్గు దిండు నా చెంప కింద, కిటికీకి ఆనించి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. మనిషిని కాపలా కాయడానికి వచ్చినదాన్ని, ఊరు ఈ కొస నుంచి ఆ కొసదాకా నిద్రపోయాను. ఇన్ని నెలల్లో నేను నిద్రపోయింది ఇదే. మిగతాదంతా పడుకోవడం.

ఆయన టోపీ తీసి అటూ ఇటూ చూశారు. ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగారు.

"ఎలా నడిపాను?"

"ఏమీ అనిపించలేదండీ" అన్నాను.

ఆయన చొక్కా కాలరు సర్దుకుని, మళ్ళీ స్టీరింగు దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు.